ఏం నీళ్లు తాగినవ్? ఉద్దానం నుంచి సీతంపేట కొండల దాకా ఆరు రోజులు

బయల్దేరిన రోజు

అమ్మ నా సంచిలో బట్టల మీద ఆరు నీళ్ల సీసాలు పెట్టింది. ఒక్కోటి లీటరు. "అక్కడి నీళ్లు తాగకు కొడుకా. కిడ్నీలు పోతయంట" అంది. బరువెక్కువైందని రెండు తీయబోతే చెయ్యి పట్టుకుంది. ఇంక నేనేమీ అనలేదు.

మాది నల్గొండ జిల్లా, మునుగోడు దగ్గర చిన్న ఊరు. నీళ్ల విషయంలో అమ్మ మాట తీసేయడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. మా నాయనమ్మ నడుమును వంచేసింది నీళ్లే. నాకు ఊహ తెలిసేనాటికే ఆమె తల పైకెత్తి ఆకాశం చూడలేకపోయేది. మంచం మీద వెల్లకిలా పడుకోవడం ఆమెకు కుదరదు. నా పళ్ల మీద ఇప్పటికీ గార మచ్చలున్నాయి. మా క్లాసులో అందరికీ ఉండేవి కాబట్టి పళ్లంటే అలాగే ఉంటాయనుకునేవాళ్లం. నల్గొండలో హాస్టల్లో చేరాకే, పిల్లలు నా నోటికేసి చూస్తుంటే, తెల్లపళ్లు అనేవి ఉంటాయని తెలిసింది.

మా ప్రాంతంలో ఉన్నది రాతి నేల. వానలు తగ్గి, బావులు ఎండి, బోర్లు లోతుకు దిగేకొద్దీ ఆ రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచిన నీరు పైకొచ్చింది. దాంతోపాటే ఫ్లోరైడూ వచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదంటారు. మా దగ్గర దానికి ఎన్నో రెట్లున్న బోర్లుండేవి. అదే జిల్లాలో నాగార్జునసాగర్ ఉంది. అక్కంపల్లి, కోదండాపూర్ మీదుగా కృష్ణా నీళ్లు పైపుల్లో హైదరాబాద్‌కు పోతున్నా, ఫ్లోరైడ్ పల్లెలు బోరింగు కొట్టుకుంటూనే ఉన్నాయి. మిషన్ భగీరథ నల్లా వచ్చేసరికి నాయనమ్మ లేదు.

ఒకసారి వంగిన ఎముకను ఏ డాక్టరూ సరిచేయలేడు. మంచినీళ్లు వస్తే రాబోయే పిల్లలు బాగుంటారు, అంతే. మా దగ్గర అసలైన వైద్యం నల్లాయే. ఈ మాటను వేసవి సెలవుల్లో ఇంకోచోట చూసి తెలుసుకోవాలనిపించింది. బీఈడీలో నా రూమ్మేట్ ఒకడిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గరి ఊరు. ఊరూరా కిడ్నీ జబ్బున్న ప్రాంతం అది. పదేళ్లుగా పిలుస్తున్నాడు. సాయంత్రం నల్గొండలో ఫలక్‌నుమా ఎక్కాను.

మొదటి రోజు: పలాస, కవిటి

తెల్లారాక పలాసలో దిగాను. స్టేషన్ బయటికి రాగానే వేయించిన జీడి వాసన. మే నెల కాబట్టి జీడిపిక్కల సీజన్ చివరికొచ్చింది. స్కూటర్ మీద నన్నెక్కించుకుని నా స్నేహితుడు పిక్కలు కొట్టే ఒక షెడ్డు ముందు కాసేపు ఆపాడు. బారుగా కూర్చున్న ఆడవాళ్లు పిక్క చిట్లగొట్టి పప్పు విరక్కుండా తీస్తున్నారు. పిక్క పెంకులో ఉండే జిడ్డు చర్మాన్ని కాలుస్తుంది. వాళ్ల వేళ్ల చివర్లు నల్లగా మొద్దుబారి ఉన్నాయి. పైన రేకుల కప్పు. ఏడున్నరకే లోపల ఉక్క భరించలేకపోయాను.

అక్కణ్నుంచి కవిటి వైపు వెళ్తుంటే ఈ నేలకు ఉద్దానం అన్న పేరెలా వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైందంటారు. రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరి, జీడిమామిడి, పనస. కాయల బరువుకు పనస మొదళ్లు కనిపించడం లేదు. సముద్రం దగ్గరే ఉంది, గాలిలో తెలుస్తోంది. దీన్ని మరో కోనసీమ అంటారు. 2013లో పైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఈ తోటల్ని నేలమట్టం చేశాయి. తిత్లీకి పడిపోయిన కొబ్బరి చెట్ల స్థానంలో నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయని స్నేహితుడు చెప్పాడు. కొబ్బరి కాపుకు రావడానికి అన్నేళ్లు పడుతుందన్న సంగతి పొడినేల వాడినైన నాకు కొత్త.

ఇంతటి పచ్చదనంలో కిడ్నీ జబ్బు ఏమిటన్నదే మొదటి రోజంతా నన్ను తొలిచిన ప్రశ్న. మా దగ్గర నేలను చూస్తేనే రోగం అర్థమవుతుంది. రాళ్లు, తుమ్మ చెట్లు, ఎండిన చెరువు. ఇక్కడ నేల ఏమీ చెప్పదు.

మధ్యాహ్నం వాళ్లింటికి చేరాం. చెప్పులిడిచేలోపే వాళ్లమ్మ ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి "దాహం తీర్సుకో బాబూ" అంది. నుయ్యి నీళ్లు. సంచిలో అమ్మ పెట్టిన సీసాలున్నాయి. ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది. ఆమె గమనించింది. ఏమీ అనలేదు గానీ చెంబు కొంచెం వెనక్కి తీసుకుంది.

నాకు మా అక్క పెళ్లి గుర్తొచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చిన పెళ్లివారు క్యాన్లలో నీళ్లు తెచ్చుకున్నారు. నాయనమ్మ వంగిన నడుముతోనే గ్లాసులు పట్టుకుని పందిట్లోకి వెళ్లి, ఒక్కరూ తీసుకోకపోతే అన్నీ అలాగే వెనక్కి తెచ్చింది. ఆ రోజు ఆమె ముఖం నేను చూశాను.

చెంబు అందుకుని మొత్తం తాగేశాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. నాలుగైదు రోజులు తాగిన నీళ్లతో ఎవరి కిడ్నీలూ పోవు, అది సైన్సు చెప్పే నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లే తాగుతూ, ఆ ఎండలోనే చెట్టెక్కుతూ, ఆ నేలమీదే పురుగుమందు కొడుతూ బతికేవాళ్ల సంగతే వేరు.

రెండో రోజు: ఊళ్లో

పొద్దున ఐదున్నరకే తోటలోకి వెళ్లాం. ఎండెక్కితే పని చేయలేరు కాబట్టి కూలీలు చీకటితోనే వస్తారు. అయినా పన్నెండు దాకా చేయక తప్పదు. స్నేహితుడి చిన్నాన్న కొడుకు ఒకడున్నాడు, పాతికేళ్లవాడు, కొబ్బరి దింపుతాడు. రోజుకు ఎన్ని చెట్లెక్కుతావని అడిగితే నవ్వి "లెక్కెట్టలేదు మాస్టారూ" అన్నాడు. తువ్వాలు పిండితే చెమట ధారగా కారింది. నీళ్లసీసా చెట్టు మొదట్లో ఉంది. పైకెక్కాక దాహమేస్తే దిగాలి. దిగితే టైమ్ పోతుంది, టైమ్ పోతే కూలి తగ్గుతుంది.

ఈ జబ్బుకు కారణాలుగా పరిశోధకులు చూస్తున్నవాటిలో మొదటి వరుసలో ఉన్నది ఇదే: ఎండలో కష్టం, ఒంట్లో నీరు ఇంకిపోవడం, ఏళ్ల తరబడి రోజూ కిడ్నీ మీద పడే ఆ ఒత్తిడి. మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో ఇలాంటి జబ్బే ఉంది. షుగర్ లేదు, బీపీ మొదట్లో ఉండదు, కిడ్నీలు మాత్రం మెల్లగా ఎండిపోతాయి. అన్ని చోట్లా రోగులు ఎండలో పనిచేసే పేదవాళ్లే. ఉద్దానంలో భూగర్భ జలాల్లోని సిలికాను, పురుగుమందులను, లోహాలను, వంశపారంపర్యాన్ని కూడా చూస్తున్నారు. ఇదీ కారణం అని ఇంతవరకు తేలలేదు. అందుకే డాక్టర్లు దీన్ని కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. విశాఖ కేజీహెచ్‌లో పనిచేసిన కిడ్నీ వైద్యుడు రవిరాజు ఈ ఊళ్లను ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆయన బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఇక్కడ పరీక్షించిన పెద్దల్లో దాదాపు 18 శాతం మందికి కిడ్నీ జబ్బు ఉందని తేలింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరూ బీపీ వంటి మామూలు కారణాలేవీ కనిపించలేదు.

అంటే ఐదారుగురిలో ఒకరు. ఆ సాయంత్రం వీధి అరుగు మీద మా చుట్టూ కూర్చున్నవాళ్లు పదకొండు మంది. నేను లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను.

ఇక్కడ పలకరింపు కూడా వేరు. "క్రియాటిన్ ఎంతుంది?" అని ఒకరినొకరు అడుగుతారు. రక్తపరీక్షలో తేలే క్రియాటినిన్ లెక్క అది, కిడ్నీలు దెబ్బతినేకొద్దీ పెరుగుతుంది. "మూడు పాయింట్ రెండు." "పోనీలే, మొన్న మూడున్నర కదా." పంట ధర చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. ఆరోగ్యంగా ఉన్నవారికి అది ఒకటికి అటూ ఇటూ ఉంటుంది. ఐదు దాటిందంటే గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఊరి ఆశా కార్యకర్త వచ్చి కూర్చుంది. నా స్నేహితుడికి వదిన వరస. ఆమె చెప్పిన మాట ఈ ప్రయాణం మొత్తంలో నా మనసులో నాటుకుపోయింది. "కూలికెళ్లొచ్చాక ఒళ్లు నొప్పులు మాస్టారూ. పీహెచ్‌సీకి ఎల్లాలంటే రెండు ఆటోలు, ఒక పూట కూలి పోతాది. కిల్లీకొట్లో నొప్పి బిళ్ల ఐదు రూపాయలు. ఏది దగ్గరుంటే అదే మింగుతారు." నొప్పి బిళ్లల్ని అదేపనిగా, అదీ ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాడితే కిడ్నీలు దెబ్బతింటాయని డాక్టర్లంతా చెప్తారు. రోగం ఎక్కడ పుడుతుంది, వైద్యం ఎక్కడ దొరుకుతుంది అని రెండు వేర్వేరు ప్రశ్నలనుకుని వచ్చాను నేను. పీహెచ్‌సీ దూరమై బిళ్ల దగ్గరైతే ఆ దూరమే జబ్బుకు ఒక కారణమవుతుంది. మా ఊళ్లోనూ ఇంతే జరిగింది. నాయనమ్మ కీళ్లనొప్పులకు ఆర్‌ఎంపీ వేసిన సూదులు ఎన్నో.

కొబ్బరి దింపే కుర్రాడు పరీక్ష చేయించుకోలేదట. వాళ్ల నాన్న ఈ జబ్బుతోనే పోయాడు. వదిన రెండేళ్లుగా బతిమాలుతోంది. ఎందుకెళ్లవని అడిగాను. తల దించుకునే చెప్పాడు: "టెస్టు సేయించుకుంటే ఉందంతారు. ఉందంటే పిల్లనివ్వరు. ఇప్పుడైతే లేనట్టే కదా." మొదట్లోనే తెలిస్తే జబ్బును నెమ్మదింపజేయొచ్చని, ఉప్పు తగ్గించి, బీపీ అదుపులో పెట్టుకుని, నొప్పి బిళ్లలు మానేస్తే డయాలసిస్ దాకా పోకుండా ఏళ్లు గడపొచ్చని చెప్పాను. విన్నాడు. చెట్టెక్కే తాడు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పెళ్లి సంబంధం పోతుందన్న భయాన్ని నా మాట తీయలేదు.

మూడో రోజు: సోంపేట

పొద్దున ఇంటి ముందు కొళాయి చూశాను. హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లు ఉద్దానానికి తెచ్చే 700 కోట్ల పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఇచ్ఛాపురం, పలాస మున్సిపాలిటీలతో సహా ఏడు మండలాల ఊళ్లకు ఆ నీళ్లు రావాలి. నేనున్న వీధిలో ఆ మూడు రోజులూ కొళాయి ఒక పూట వచ్చింది. చివరి ఇళ్లకు ధార సన్నబడింది. అక్కడివాళ్లు నుయ్యి నీళ్లతోనో, ఆర్‌ఓ ప్లాంటు నుంచి తెచ్చుకునే ఇరవై లీటర్ల టిన్నుతోనో సర్దుకుంటున్నారు.

నీళ్లే కారణమని తేలకుండా ఇంత ఖర్చెందుకన్న మాట నేను మా దగ్గర చదువుకున్నవాళ్ల నోట విన్నాను. నాకది సరైన మాట అనిపించదు. కారణం తేలేదాకా అనుమానమున్న నీళ్లు తాగుతూ ఉండమని ఎవరి పిల్లలకు చెప్తాం? నల్గొండలో ఫ్లోరైడ్ సంగతి తేలి దశాబ్దాలు గడిచినా నీళ్లు రాలేదు. ఇక్కడ తేలకముందే పైపు వచ్చింది. ఆ పైపు చివరి ఇంటి దాకా వెళ్లాలి.

సోంపేటలో డయాలసిస్ చేయించుకుంటున్న స్నేహితుడి పెదనాన్న దగ్గరికి వెళ్లాం. యాభై ఎనిమిదేళ్లు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్టులా ఎడమ చేతి మీద తాడులా ఉబ్బి ఉంది. దానిమీద చెయ్యి పెట్టమన్నాడు. లోపల రక్తం జుమ్మని పారుతోంది. "ఇది ఆగిపోతే నేనూ ఆగిపోతాను" అన్నాడు. ఆయన గొంతులో భయం లేదు.

పదేళ్ల కిందట డయాలసిస్ కోసం ఆయన అన్న విశాఖ వెళ్లేవాడట. రెండు వందల కిలోమీటర్లకు పైనే. ముందురోజు రాత్రి రైలెక్కి, స్టేషన్లో పడుకుని, డయాలసిస్ అయ్యాక తూలుతూ మళ్లీ రైలు. తోడుగా ఒక మనిషి. ఇద్దరి కూలి పోయేది. పొలం అమ్మారు. తర్వాత వారానికి రెండుసార్లు కాస్తా ఒకసారైంది. తర్వాత మానేశాడు. "మా అన్న జబ్బుతో పోలేదు బాబూ. రైలు తిరగలేక పోయాడు." ఇప్పుడు సోంపేట, పలాస, కవిటి వంటి చోట్ల డయాలసిస్ ఉంది. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నెలకు 10 వేల పింఛను వస్తోంది. తమ్ముడు ఆటోలో వచ్చి, మధ్యాహ్నానికి ఇంటికెళ్లి పడుకోగలుగుతున్నాడు. జబ్బు ఒకటే, కుటుంబం ఒకటే. వాళ్లిద్దరి మధ్య ఉన్న తేడా ఆ రెండు వందల కిలోమీటర్లే.

యంత్రం గురించి తెలుసుకోవాలని అక్కడి టెక్నీషియన్‌ను అడిగాను. ఒక్కసారి డయాలసిస్‌కు దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కావాలట. అవి కిడ్నీ చేయాల్సిన పనిని యంత్రంలో చేసి డ్రైనేజీలోకి పోతాయి. మంచం మీది మనిషి మాత్రం రోజుకు లీటరు లోపే తాగాలి. దాహమేస్తే ఐసు ముక్క చప్పరిస్తాడు. వారానికి 240 లీటర్ల మంచినీళ్లు ఆ యంత్రానికి ఇవ్వగలిగాం. అందులో పదో వంతు ముప్పై ఏళ్ల ముందు ఆయనకు తాగడానికి అందించి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆ లెక్క మాత్రం ఆ రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

సాయంత్రం స్నేహితుడు బీల చూడటానికి తీసుకెళ్లాడు. సోంపేట దగ్గరి చిత్తడి నేలలు, ఏడాది పొడవునా తడి, చుట్టూ పొలాలు, చేపలు పట్టేవాళ్లు, పక్షులు. ఇక్కడ బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం పెడతామంటే జనం అడ్డుపడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ కేంద్రం రాలేదు. ఒకవైపు కిడ్నీలు పోతున్న ఊళ్లు, ఆ పక్కనే నీటిని కాపాడుకోవడానికి ప్రాణాలిచ్చిన ఊళ్లు. గట్టు మీద చాలాసేపు నిలబడ్డాం. గేదెలు నీళ్లలోంచి లేవడం లేదు. వెళ్దామని ఇద్దరం అనలేదు.

నాలుగో రోజు: హిరమండలం మీదుగా

పలాస నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా హిరమండలం. బస్సులో ఎండ దెబ్బకు అద్దం ముట్టుకోలేకపోయాను. వంశధార మే నెలలో ఇసుక మధ్య సన్నగా పారుతోంది. 19 టీఎంసీల రిజర్వాయర్ గట్టెక్కి చూస్తే దూరాన నీరు వెండిరేకులా ఉంది. ఉద్దానం కొళాయిల్లోకి వెళ్లేది ఇదే.

గట్టు కింద టీ కొట్టతను నిర్వాసితుడు. వాళ్ల ఊరు ఆ నీళ్ల అడుగున ఉంది. ఉద్దానం నుంచి వస్తున్నానంటే, "మా నీళ్లు అందుతున్నాయా?" అని అడిగాడు. చివరి వీధికి సరిగా రావడం లేదని చెప్పాను. "మేం ఊరు ఒగ్గీసినాం కదా, అవైనా సరిగా ఇవ్వాలి" అన్నాడు. టీ డబ్బులు తీసుకోలేదు.

రాత్రికి సీతంపేట చేరాను.

ఐదో రోజు: కొండ మీద

సీతంపేటలో నాకు తెలిసిన ఒక ఆశ్రమ పాఠశాల టీచరున్నాడు, సవర తెగ కుర్రాడు. అతనితో కలిసి అతని మేనమామ ఊరికి బయల్దేరాను. రోడ్డు ఒకచోట ఆగిపోయింది. అక్కణ్నుంచి కాలిబాట. వాళ్లకు గంట, నాకు రెండు గంటలు. దారిలో అనాస తోటలు, జీడిమామిడి, కొండచీపురు. రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటాం. రెండో గెడ్డలో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. వానాకాలంలో నడుము దాటి పారుతుందని చెప్పాడు.

ఊళ్లో ఇళ్లు ఎదురెదురుగా బారులు తీరి ఉన్నాయి. అరుగులన్నీ ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. చోడి (రాగి) అంబలి పోశారు. ఊట నుంచి వెదురు గొట్టంలో పారించి తెచ్చుకునే నీళ్లు ఇచ్చారు. ఇక్కడ ఫ్లోరైడ్ లేదు, క్రియాటిన్ మాట ఎవరికీ తెలియదు. గాలి, నీరు, నీడ అన్నీ ఉన్నాయి. నాయనమ్మ ఇక్కడ పుట్టి ఉంటే నిటారుగా నడిచేదనిపించింది.

ఆ మాట పైకి అంటే టీచర్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల అక్క సంగతి చెప్పాడు. మూడేళ్ల కిందట, ఆగస్టులో, రెండో కాన్పు. రాత్రి నొప్పులొచ్చాయి. దుప్పటిని వెదురుకర్రకు డోలీ కట్టి నలుగురు మార్చుకుంటూ మోశారు. కింద రోడ్డు మీద 108 వచ్చి నిలబడి ఉంది. గెడ్డ పొంగింది. అవతలి ఒడ్డున అంబులెన్స్ లైట్లు కనిపిస్తుండగానే ఇవతల, వానలో, ఆకుల మీద ప్రసవమైంది. రక్తస్రావం ఆగలేదు. తెల్లారి నీళ్లు తగ్గాక దాటించారు. బిడ్డ బతికింది.

ఆ పాప అరుగు మీద మా పక్కనే కూర్చుని అంబలి తాగుతోంది.

"మంచి నీళ్లు, మంచి గాలి ఉన్నాయి సార్. వంతెన లేదు" అన్నాడు టీచర్.

ఉద్దానంలో చుట్టూ ఉన్న నేలే మనిషిని తింటుందనుకున్నాను. కొండ మీద నేల మనిషిని పెంచుతుంది గానీ, ఆపదలో చెయ్యి అందించే మనిషి అందుబాటులో లేడు. గెడ్డ మీద ఒక కాజ్‌వే, కిందిదాకా కొంచెం రోడ్డు ఉంటే ఆమె బతికేది. బాట సన్నగా ఉన్నచోట్లకు బైకుకు తొట్టి తగిలించిన ఫీడర్ అంబులెన్సులు 2018లో ఏజెన్సీలోకి వచ్చాయి. మంచి ఆలోచనే. పొంగే గెడ్డను బైకు కూడా దాటలేదు.

మలేరియా సీజన్లో ఏఎన్‌ఎం ఇంత దూరం నడిచొస్తుందట. వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు సికిల్‌సెల్‌కు పరీక్షలు కూడా చేశారు. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఇచ్చిన కార్డు ఒకామె నాకు చూపించింది, ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా పెట్టుకుంది. కొండ దిగేటప్పుడు ఆ ఏఎన్‌ఎం గురించే ఆలోచించాను. ఆమె ఎక్కే ఈ కొండకు ఏ లెక్కలోనూ చోటు లేదు.

ఆరో రోజు: సాలూరు

పార్వతీపురం మీదుగా సాలూరు వచ్చాను. ఇక్కడి గిరిజన గర్భిణుల వసతి గృహం చూడాలని ముందే అనుకున్నాను. రోడ్డులేని కొండ ఊళ్ల ఆడవాళ్లను కాన్పు తేదీకి కొన్ని వారాల ముందే కిందికి తీసుకొచ్చి ఇక్కడ ఉంచుతారు. తిండి, పరీక్షలు అన్నీ ఇక్కడే, నొప్పులొస్తే ఆసుపత్రి పక్కనే. వరండాలో పదిహేను మంది దాకా ఉన్నారు. కొందరు కుట్లు, అల్లికలు చేస్తున్నారు. ఒకమ్మాయి జుట్టు ఇంకొకామె దువ్వుతోంది.

నిన్న విన్నది చెవుల్లో ఉండగా ఆ వరండా చూస్తే కళ్లు చెమర్చాయి. వంతెన కట్టే దాకా ఆగకుండా, మనిషినే వంతెనకు ఇవతలికి తెచ్చారు. దానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. ఒక భవనం, వంటమనిషి, నర్సు, ఊరూరా వెళ్లి అత్తమామల్ని ఒప్పించే మనుషులు చాలు. ఒప్పించడమే కష్టమని అక్కడి ఆయా చెప్పింది. ఇంట్లో పెద్దపిల్లాడిని ఎవరు చూస్తారు, పోడు పని ఎవరు చేస్తారు, మేకల్ని ఎవరు తోలుతారు? పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఒకతె ఇంటికి పోతానని రెండు రోజులుగా ఏడుస్తోందట. నేనున్నప్పుడు ఆమె కిటికీ దగ్గర నిలబడి కొండలకేసి చూస్తోంది. ఆమె దిగులు కూడా నిజమే. రోడ్డుంటే ఆమె తన ఇంట్లోనే ఉండేది.

విజయనగరంలో సాయంత్రం విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రైలు కదిలాక కవిటి నుంచి ఫోన్. పొద్దున కొబ్బరి దింపే కుర్రాడు వాళ్ల వదిన వెంట వెళ్లి రక్తం ఇచ్చాడట. ఏమన్నాడని అడిగాను. "ఏమీ అన్లేదు. మాస్టారికి సెప్పొద్దన్నాడు. అందుకే సెప్తన్నాను." ఫలితం రెండు రోజుల్లో వస్తుంది.

తెల్లవారుజామున నల్గొండలో దిగి, మొదటి బస్సుకు ఇంటికి చేరాను. అమ్మ సంచి అందుకుంది. బరువు చూసి ఆగిపోయి తెరిచింది. ఆరు సీసాలూ మూత తీయకుండా అలాగే ఉన్నాయి.

"మరి ఏం నీళ్లు తాగినవ్ రా?"

"వాళ్లిచ్చినవే తాగిన."

అమ్మ నాకేసి కాసేపు చూసింది. సీసాలు ఒక్కొక్కటీ బయటికి తీసి, వాకిట్లో నాయనమ్మ నాటిన వేపచెట్టు మొదట్లో పోసింది. తర్వాత లోపలికెళ్లి నల్లా కింద చెంబు కడిగి, నిండా నీళ్లు పట్టి నా చేతికిచ్చింది.